పోపు ఎప్పుడు వెయ్యాలి?

క్యాంపస్ ఇంటర్వ్యూలో వచ్చిన ఉద్యోగం వద్దని, గిటారు వాయించుకుంటానని మావాడు చెప్పి ఆర్నెల్లయింది. అప్పట్నుంచీ తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "నాన్నని భోజనానికి రమ్మను", "వాడికి కరెంటు బిల్లు చూపించు"... అన్నీ నా మీదుగానే.

వాడు ఇంట్లోనే ఒక ట్యూబు ఆంప్లిఫయరు తయారుచేసుకున్నాడు. ఆ గాజు బుడ్లు నారింజ రంగులో వెలుగుతుంటే దీపాల్లా బాగుంటాయి. ఈమధ్య దానికి 'ఎఫెక్ట్స్ లూపు' పెడతానన్నాడు. అదేమిట్రా అంటే నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

గిటారు శబ్దాన్ని ఆంప్లిఫయరు రెండు దశల్లో పెంచుతుందట. మొదటిది ప్రీఆంప్. రాక్ పాటల్లో వినిపించే గరగర వాడి ఆంప్‌లో అక్కడే పుడుతుంది. రెండోది స్పీకరుని మోగించే పవర్ ఆంప్. ప్రతిధ్వనినిచ్చే డిలే పెడల్‌ని గిటారుకీ ఆంప్‌కీ మధ్య పెడితే, ఆ ప్రతిధ్వనులూ గరగరలో పడి ముద్దయిపోతాయి. లూపంటే, ఆ రెండు దశల మధ్య దారి తెరిచి, శబ్దాన్ని బయటికి పంపి, పెడల్ గుండా తిప్పి మళ్ళీ లోపలికి తెచ్చుకోవడం. గరగర ముందే అయిపోతుంది కాబట్టి ప్రతిధ్వని దేనికది విడిగా వినిపిస్తుంది.

"ఓస్, ఇంతేనా! పోపు కూడా పప్పుతో పాటే కుక్కర్లో ఉడికిస్తే ఏం రుచి ఉంటుంది? పప్పు మెదిపాక వెయ్యాలి" అన్నాను. వాడు నవ్వాడు.

నా భయం మాత్రం వేరే. ఆ పెట్టెలో 300 వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుందిట. వాడు ఈ మాట చెబుతుంటే హాల్లో పేపరు చదువుతున్న మావారి చెవినపడింది. మా మామగారిది తెనాలిలో రేడియో రిపేరు షాపు. ఈయన వాల్వు రేడియోల మధ్యే పెరిగారు. పేపరు పక్కన పడేసి వచ్చి, "లోపల రెండు చేతులూ పెట్టకు. ఒకటి జేబులో ఉంచుకో" అన్నారు. రెండు చేతులకీ తగిలితే షాకు గుండె మీదుగా పోతుందని.

ఆర్నెల్ల తర్వాత వాడితో నేరుగా అన్న మొదటి మాట అది.

ఆ ఆదివారం ఇద్దరూ బల్ల దగ్గరే. కెపాసిటర్లని రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసుకున్నాకే పని మొదలు. లూపు కోసం ఇంకో 12ఏఎక్స్7 కావాలి. ఒకే బుడ్డిలో రెండు భాగాలు. ఒకటి శబ్దాన్ని పెడల్‌కి పంపడానికి. పెడల్ తట్టుకునేలా దారిలో దాన్ని తగ్గిస్తారు. తిరిగొచ్చాక రెండో భాగం పెంచుతుంది. "దీని ఫిలమెంటుకి 6.3 వోల్టుల మీద 0.3 ఆంపియర్లు కావాలి, నీ ట్రాన్స్‌ఫార్మరు మోస్తుందా?" అని ఈయన. వాడు 'ట్యూబు' అంటాడు, ఈయన 'వాల్వు' అంటారు. వస్తువు ఒకటే.

చివర్లో ఆరు కాళ్ళ స్విచ్చు ఒకటి బిగించారు. ఒకవైపు వేస్తే లూపు కలుస్తుంది. రెండోవైపు వేస్తే మొత్తం పక్కకు తప్పుకుంటుంది.

"ఎప్పుడూ ఉంటే ఏంరా?"

"అన్ని పాటలకీ అక్కర్లేదు నాన్నా. వద్దనుకున్నప్పుడు దాని నీడ కూడా పడకూడదు."

ఈయన ఏమీ అనలేదు.

ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. కానీ ఇదివరకు వాడు నోరు తెరవకముందే ఈయన సలహా పడేది, వాడి కోపంలో కలిసి ముద్దయిపోయేది. ఇప్పుడు వాడు చెప్పేదంతా చెప్పేదాకా ఆగుతున్నారు. ఒక్కోసారి అసలు స్విచ్చే వెయ్యరు!

మొన్న వాడే అన్నాడు, "ఒక్క ఏడాది టైమివ్వండి నాన్నా. తర్వాత మీరు చెప్పండి, వింటాను."

"సరే" అన్నారు. అంతే. ఆ 'సరే' నాకు వంటింట్లోకి స్పష్టంగా వినబడింది.

మరి మీ ఇళ్ళల్లో పోపు ఎప్పుడు పడుతోంది?