గాటు పడితేనే తంగేడు

బతుకమ్మ దగ్గర పడిందంటే పటాన్‌చెరు, సంగారెడ్డి అంగళ్లలో తంగేడు కట్టలకు ధర పలుకుతుంది. ఒకప్పుడు తెల్లారకముందే చెలక గట్ల మీదికి పోయి ఒడినిండా తెంపుకొచ్చిన పువ్వే అది. ఇస్నాపూర్, రుద్రారం, కంది దారిలో బీళ్లు షెడ్లుగా, ప్లాట్లుగా మారేకొద్దీ అది ఇళ్లకు దూరమైంది. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైనా పెరట్లో దానికి చోటిచ్చేవాళ్లు అరుదు. బతుకమ్మలో దాని పక్కన చేరే బంతి పుట్టిల్లేమో మెక్సికో!

బంతి గింజ చల్లితే మొలుస్తుంది. తంగేడు అంత తొందరగా లొంగదు. గింజ పైపొర నీటిని లోపలికి రానివ్వదు. మొదటి వానకే అన్నీ మొలిచి, తర్వాత వాన మొఖం చాటేస్తే దక్కన్‌లో జాతి మొత్తం మాడిపోతుంది మరి. అందుకే కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు మొలకెత్తేలా నేలలోనే నిల్వ ఉంటాయి.

పెరటి మనిషికి అంత ఓపిక ఉండదు కాబట్టి ఉపాయం కావాలి. ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయలను ఒలిచి, గింజను శాండ్ పేపరు మీద ఒక పక్క రుద్దాలి. లేదా పొయ్యి మీంచి దించిన వేడినీళ్లలో వేసి రాత్రంతా ఉంచాలి. పొద్దున ఉబ్బినవాటిని నాటుకుని, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాలి. 1972లో పటాన్‌చెరులో వెలసిన మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తన జన్యుబ్యాంకులోనూ కందిపంటకు అడవి చుట్టాలైన మొక్కల గింజలకు ఇలాగే గాటు పెట్టి మొలిపిస్తుంది.

ఎర్ర నేల, నల్ల రేగడి ఒకే ఆవరణలో దొరకడం ఆ సంస్థకు ఈ చోటు నచ్చిన కారణాల్లో ఒకటి. తంగేడుకు ఎర్ర చెలక హాయి. రేగడిలోనూ బతుకుతుంది గానీ మొదట్లో నీళ్లు నిలవకూడదు. తల్లివేరు లోతుకు దిగే మొక్క, పీకి నాటితే అలుగుతుంది. మృగశిర కార్తెలో వాన పడ్డాక ఉండాల్సిన చోటే గింజ పెట్టడం మేలు. తొలి ఏడు పూలు ఆశించకూడదు. ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది, ఎండాకాలం కూడా పెద్దగా నీళ్లడగదు. మేకలు నోరు పెట్టవు, కంచె ఖర్చు తప్పినట్టే.

పూవులో తేనె ఉండదు, పుప్పొడే కూలి. తుమ్మెద పూవును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తే కేసరాల కొసనున్న రంధ్రాల్లోంచి పుప్పొడి రాలుతుంది. లేతాకుపచ్చ తెలుపు సీతాకోకచిలుకలు ఆకుల మీద గుడ్లు పెడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చిన పురుగులు ఆకు తిన్నాయని మందు కొట్టేవాళ్లకు ఈ మొక్క దండగ.

పండుగకు కొసలు తెంపితే పక్క కొమ్మలొస్తాయి, అదే కత్తిరింపు. విత్తనం కోసం మాత్రం రెండు గుత్తులు ముట్టకుండా వదలాలి. సద్దుల బతుకమ్మ నాడు ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకుంటేనే సుమా!