చతుర్భుజాల జాలీ

పలకకు రంధ్రం తొలిస్తే దాని బలం ఎంత తగ్గుతుందన్న ప్రశ్నకు కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు 1898లోనే సమాధానం చెప్పినాడు. విశాలమైన పలకను ఒక దిశలో లాగినప్పుడు, ఆ దిశకు అడ్డంగా ఉండే రంధ్రపు అంచు బిందువుల వద్ద ప్రతిబలం మూడింతలవుతుంది. కంప్యూటరుపై అనుకరణ నేర్చుకొనే విద్యార్థులకు ఈ లెక్క ఓనమాల వంటిది.

మాకు మాత్రం అది ఓనమాలుగా మిగలలేదు. ఒక వెల్డింగు షెడ్డువారు చెయిన్ పుల్లీని వేలాడదీయటానికి రంధ్రం గల పలక చేయించదలచి, మందం ఎంత ఉండవలెనో చూచిపెట్టమని నా సహాధ్యాయిని అడిగినారు. ఆ పలకకు ఇంజన్లు వేలాడతాయి; వాటి పక్కన మనుషులు నిలుచుంటారు. కనుక అసలు పలక జోలికి పోకముందు, మా చేతిలోని సాధనం కిర్ష్ చెప్పిన మూడింతలను చూపగలదో లేదో తేల్చుకొనవలెనని నిశ్చయించుకొన్నాము.

పలకను చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి సమీకరణం వ్రాసి, అన్నిటినీ కలిపి సాధించే ఈ విధానానికి పరిమిత మూలక పద్ధతి అని పేరు. 1960లో ఆ పేరు పెట్టినవాడు రే క్లఫ్. గళ్ళు అల్లటానికి మేము వాడినది జీమెష్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. అది ముందు త్రిభుజాలు అల్లి, పిదప పక్కపక్కవాటిని జంటలు కలిపి చతుర్భుజాలుగా మారుస్తుంది. ఏ త్రిభుజానికి ఏది జత అన్నది పెళ్ళిళ్ళ పేరయ్య పని వంటిదే. ఎడ్మండ్స్ 1965లో ప్రకటించిన జత కుదిర్చే గణిత విధానాన్ని 2012లో ఈ పనికి అన్వయించినారు.

నాలుగవ వంతు పలకను తీసుకొన్నాము. జాలీ అంతా అందంగా వచ్చినది గాని నడుమ ఒక్క త్రిభుజం మిగిలినది. ఎన్ని మార్లు అల్లించినా అది స్థలం మారిందే తప్ప పోలేదు. "భాయ్, ఒక్క తికోన్ ఉంటే ఏం పోయింది?" అన్నాడు నా మిత్రుడు. ప్రశ్న న్యాయమైనదే. రంధ్రానికి దూరంగా ఉంటే నిజానికి పెద్దగా పోయేదేమీ లేదు. కాని మూడు శీర్షాల త్రిభుజంలో వికృతి అంతటా ఒక్కటిగానే ఉంటుంది; ప్రతిబలం వేగంగా మారే రంధ్రపు అంచున అది పడితే, మనకు కావలసిన సంఖ్యే చెడుతుంది.

అది ఎందుకు పోదో కాగితం మీద తేలినది. ప్రతి చతుర్భుజానికి నాలుగు భుజాలు. లోపలి భుజం ఇద్దరి ఉమ్మడి సొత్తు గనుక రెండుసార్లు లెక్కకు వస్తుంది, సరిహద్దు భుజం ఒక్కసారే. కాబట్టి సరిహద్దు భుజాల సంఖ్య సరిసంఖ్య కాకతప్పదు. మా సరిహద్దులో చాపం మీద 13, మిగిలిన నాలుగు అంచుల మీద 12, 12, 10, 10, మొత్తం 57. బేసి! ఏ సాఫ్ట్‌వేరుకైనా ఇక్కడ ఒక త్రిభుజమైనా మిగల్చక గత్యంతరం లేదు.

సరిసంఖ్య చేస్తే త్రిభుజం పోయినది గాని, వంపు దగ్గర గళ్ళు చెదిరినవి. చార్‌ఖానా గుడ్డను దర్జీ భుజం వంపు మీద పరచినట్లే ఉన్నది. క్రమబద్ధమైన జాలీకి నాలుగు అంచుల క్షేత్రం కావలె, మనదానికి ఐదు. అందుకు పాత ఉపాయమొకటున్నది: చాపం మధ్యబిందువు నుండి పలక మూలకు కర్ణంగా కోత కోయటం. రెండు నాలుగంచుల ముక్కలవుతాయి. ఎదురెదురు అంచులకు సమానమైన భాగాలుండవలె. ప్రతి అర్ధచాపానికి 12, దాని ఎదుటి అంచుకు 12. రంధ్రం నుండి బయటికి సాగే మూడు రేఖలకు 20. మొత్తం 480 గళ్ళు. పలక మూలను కర్ణం చీల్చినందున అక్కడి గళ్ళలో 45 డిగ్రీల కోణం పడుతుంది. అది రంధ్రానికి దూరం గనుక ఓర్చుకొనవచ్చును.

ఇంత చేసినా ఫలితం పొసగలేదు. గడి లోపలి కోణం 180 డిగ్రీలు దాటితే జాకోబియన్ రుణాత్మకమై లెక్క ఆగిపోతుంది. అటువంటి తప్పు నా దృష్టిలో మేలైనది, తన్ను తానే చెప్పుకొంటుంది గనుక. ఇక్కడ లెక్క నిశ్శబ్దంగా పూర్తయి, నమ్మదగినట్లే కనిపించే రంగుల చిత్రం వేసినది. మిత్రుడు బిందువుల సంఖ్య చూచినాడు. 25ను 21తో గుణిస్తే 525 రావలె. తెర మీద 544. ఆ అదనపు 19 ఎక్కడివి? 20 భాగాల కర్ణరేఖకు కొనలు పోను లోపలి బిందువులు సరిగ్గా 19! డ్రాయింగు ఫైలు నుండి వచ్చేటప్పుడు రెండు ముక్కలూ చెరొక కర్ణరేఖను వెంట తెచ్చుకొన్నవి. కొనలు ఏకమైనవి, రేఖలు కాలేదు. పలక ఆ పొడవునా చీలి, రెండు కొనల వద్ద మాత్రమే అంటుకొని ఉన్నది. స్థానభ్రంశాన్ని పెద్దది చేసి చూస్తే చీలిక నోరు తెరచినట్లు కనిపించినది. నకళ్ళను తొలగించే కొహెరెన్స్ ఆదేశమిచ్చిన తరువాత 525 వచ్చినది. రంధ్రపు అంచున ప్రతిబలం మూడింతలకు అతి సమీపాన నిలిచినది.

అసలు పలక ఇంకా కష్టం. దానిలో రంధ్రం పై అంచుకు దగ్గరగా ఉన్నది; పిన్ను రంధ్రాన్ని ఒకవైపే ఒత్తుతుంది, కిర్ష్ సూత్రం అక్కడ చెల్లదు. కోతలు కూడా వేరుగా వేయవలసివచ్చినది. మిత్రుడిప్పుడు జాలీ అల్లిన ప్రతిసారీ బిందువులను ముందు కాగితం మీద లెక్కించి, తరువాతనే తెర వైపు చూస్తున్నాడు. మా ఉపన్యాసకులు చూచి ఒప్పుకొనే వరకు మందం చెప్పలేమని షెడ్డువారికి కబురు పంపినాము. వారు పలకను ఇంకా కోయలేదు.