చక్రవర్తి కూరకు నోటీసు

మా తోటల కమిటీ నుంచి మెయిల్ వచ్చింది. నా మడిలో మూడో వంతు కలుపు పెరిగిపోయిందట. నాలుగు వారాల్లో శుభ్రం చేయకపోతే మడి వెనక్కి తీసుకుంటారట. సాక్ష్యానికి ఫొటో కూడా జతచేశారు. ఆ ఫొటో చూసినాక నాకు ఒళ్లు మండింది. కలుపు అని ఎర్రగీత చుట్టిన చోట నవనవలాడుతూ నిలబడి ఉంది చక్రవర్తి కూర. దాని పక్కన తోటకూర. రెండింటి కిందా నేలమీద పరుచుకుని గంగపాయలాకు. మూడూ కలిపి, గుప్పెడు కందిబేడలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఇంత చింతపండు వేసి ఉడకబెట్టి ఎనిపితే పుల్లగూర. వేడి వేడి రాగిసంగటి మధ్యలో గుంట చేసి అందులో పోసుకుంటే ఏమవుతుందో చిత్తూరు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మిగతా జిల్లాల వాళ్లకు చెప్పినా ఉపయోగం లేదు.

ఆ రాత్రే అమ్మకు వీడియోలో ఫొటో చూపించాను. "అయ్యో, బంగారం మాదిరుండాదే! దీన్నెందుకు పీకమంటారు నాయనా, వాళ్లకు కండ్లు లేవా?" అనింది. నా ప్రశ్న కూడా అదే.

నేనుండేది దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు. పేరు చెప్పను, కమిటీలో తెలుగు చదవగలిగిన వాళ్లు ఎవరూ లేరుగానీ ఎందుకైనా మంచిది. ఈ దేశంలో సొంత పెరడు లేనివాళ్లకు, ఉన్నా చాలనివాళ్లకు, ఊరి పాలక సంస్థలు కూరగాయల మడులు బాడుగకిస్తాయి. అలాట్‌మెంట్ అంటారు. దీనికి 1908లో చట్టం చేశారు. ఊళ్లో ఆరుగురు ఓటర్లు కలిసి మాకు మడులు కావాలని రాసిస్తే పాలక సంస్థ ఆ అర్జీని పట్టించుకుని తీరాలి. 1922లో ఇంకో చట్టం వచ్చింది. అందులో మడి అంటే ఏమిటో నిర్వచనం రాశారు. సాగు చేసేవాడు తానూ తన కుటుంబమూ తినడానికి కూరగాయలో పండ్లో పండించుకునే చోటు అని. నాకు ఆ నిర్వచనం చాలా ఇష్టం. చట్టం భాషలో, సెక్షన్ల మధ్యలో, ఒక మనిషీ వాడి ఇంటివాళ్లూ వాళ్ల కూరాకూ కనపడతారు. 1925లో మరొకటి చేర్చారు. ఈ పని కోసమే పాలక సంస్థ కొన్న నేలను మంత్రి అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదు. ఊరు ఎంత పెరిగినా, రియల్ ఎస్టేట్ ఎంత నాలుక చాచినా సరే.

ఇది చదివినప్పుడు మా ఊరు తిరుపతి గుర్తొచ్చి సిగ్గేసింది. అయితే సిగ్గుపడి ఊరుకునే మనిషిని కాదు నేను.

లెక్కలు చూడండి. ఇక్కడ మామూలు మడి పది రాడ్లు. ఎకరానికి 160 రాడ్లు కాబట్టి పది రాడ్లంటే ఎకరంలో పదహారో వంతు, అంటే ఆరుంపావు సెంట్లు. నాకు దొరికింది అందులో సగం, అదీ ఏళ్ల తరబడి వరసలో నిలబడితే. 36 చదరపు అడుగుల తిరుపతి అంకణంతో కొలిస్తే దగ్గర దగ్గర 38 అంకణాలు. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో పేదలకు ఇళ్ల స్థలాలు పంచినప్పుడు పట్టణాల్లో కుటుంబానికి ఒక సెంటు ఇచ్చారు. పన్నెండు అంకణాలు. ఇల్లూ అందులోనే, నీళ్ల తొట్టీ అందులోనే, బండి పెట్టుకునేదీ అందులోనే. నేను ఇక్కడ మూడు సెంట్లలో వంకాయలు వేసుకుంటున్నాను. ఎకరమూ సెంటూ మనకు నేర్పించి పోయింది ఈ దొరలే. కొలతలు మాకిచ్చి మడులు మీ దగ్గరే పెట్టుకున్నారా అని అడగాలనుంటుంది. సరే, ఆ సెంటు కొలిచిచ్చింది దొరలు కాదు, మనవాళ్లే. కాబట్టి ఈ వాదన ఇంతటితో ఆపేస్తాను.

కానీ ఆకు సంగతి ఆపను. ఇంత మంచి చట్టం రాసుకున్నవాళ్లకు ఆకు ఎందుకు కనపడదు? నా పక్క మడి పెద్దాయన సగం నేలలో డాలియా పూలు వేశాడు. అది సాగు. ఇంకొకాయన ముల్లంగి వేసి కోయడం మరిచిపోతే అది పూతకొచ్చి చెట్టయి కూర్చుంది. అదీ సాగే. ఎందుకంటే అవి వరసలో ఉన్నాయి! వీళ్లకు వరస కావాలి. వరసలో ఉంటే విషమైనా పంటే, వరస తప్పితే అమృతమైనా కలుపే. మా తాత పాకాల దగ్గర వానకు సెనక్కాయ వేసేవాడు. నడుమ నడుమ కంది సాళ్లు, అంచులో అలసంద, అనప. మధ్యలో మొలిచిన ఆకును అవ్వ ఒడిలో గిల్లుకొచ్చేది. ఆ చేను కమిటీ కంటపడితే ఫొటోలు తీయడానికి వాళ్లకు కెమెరా చాలదు. పైగా చక్రవర్తి కూర ఈ దేశంలోనూ ఒకప్పుడు తిన్న ఆకే. పాలకూర వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. అంటే వీళ్ల ముత్తవ్వలు వండుకున్న కూరకు వీళ్లే నోటీసిచ్చారు.

2025 వేసవిలో ఇక్కడ చాలాచోట్ల గొట్టాలతో నీళ్లు పట్టడాన్ని నిషేధించారు. నీళ్లు పొదుపుగా వాడడం ఎలా అని ఇంటికో కరపత్రం వచ్చింది. స్నానం చేసిన నీళ్లు మొక్కలకు పోయవచ్చట. రాయలసీమ వాడికి! చదివి చాలాసేపు నవ్వుకున్నాను, తరువాత నాయన గుర్తొచ్చాడు.

తిరుపతిలో మా ఇంటి వెనక ఇరవై అంకణాల పెరడు ఉండేది. కల్యాణి డ్యాం 1977లోనే కట్టినా, అది నిండేదీ లేనిదీ వానదేవుడి దయ. ఎండాకాలమంతా వీధి కొళాయి దగ్గర బిందెల కొట్లాట. ఆ ఊళ్లో, ఆ నీళ్లతో, నాయన సొర, బీర, వంగ, బెండ, మటిక్కాయ పండించాడు. స్నానాల గది నీళ్లు అరటికి, చేమగడ్డకు. గిన్నెలు కడిగిన నీళ్లు కరివేపాకుకు. చేతులు కడుక్కునేది కూడా ఏదో ఒక పాదులోనే. వాకిట్లో కడిగితే తిట్టేవాడు. ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పంచె ఎగ్గట్టి నేరుగా పెరట్లోకి పోయేవాడు. నేను ఎన్నో క్లాసని ఎవరైనా అడిగితే ఒక్క క్షణం ఆలోచించేవాడుగానీ, ఏ సొరపిందె ఏ దినం దిగిందో తడుముకోకుండా చెప్పేవాడు. బడికి వచ్చి మాస్టర్లతో మాట్లాడింది లేదు. ప్రోగ్రెస్ కార్డు మీద మార్కులు చూడకుండానే సంతకం పెట్టేవాడు.

ఇంటికి వచ్చిన బంధువులు "బలే కాలక్షేపం పెట్టుకున్నావప్పా" అనేవాళ్లు. నాయన నవ్వి ఊరుకునేవాడు. కాలక్షేపం కాదని ఇంట్లో మా అందరికీ తెలుసు. ఇరవయ్యో తేదీ దాటితే మా ఇంట్లోకి అంగడి కూరగాయ వచ్చేది కాదు. ఆ పది దినాలూ పెరడే మమ్మల్ని సాకింది. మునగాకు పప్పు, మునక్కాయ పులుసు, సొరకాయ కూర, మళ్లీ మునగాకు. నేను ఒకసారి ముఖం మాడ్చుకుంటే కోప్పడలేదు. "కూరాకుకు ఒక రూపాయి పెడితే మీ ఫీజులో ఒక రూపాయి తగ్గినట్టే రా అబ్బోడా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మా ఇద్దరి ఇంజనీరింగు ఫీజుల్లో ఎన్ని సొరకాయలున్నాయో నాకు తెలియదు.

టమోటాలు మాత్రం నాలుగు చెట్లు తప్పకుండా ఉండేవి. మా పాత చిత్తూరు జిల్లా మదనపల్లె మార్కెట్ సంగతి మీకు తెలిసిందే. కొన్నాళ్లు రైతు కోతకూలి గిట్టక పండును రోడ్డుమీద పారబోస్తాడు, కొన్నాళ్లు కొనేవాడు ధర విని వెనక్కి తిరుగుతాడు. 2023 జూలైలో టమోటా పుట్టే ఆ ఊళ్లోనే కిలో వంద దాటి ఎక్కడికో పోయింది. "మదనపల్లెలో మబ్బు పడితే మన చారు పల్చనైతాది" అనేవాడు నాయన. పెరట్లో నాలుగు చెట్లుంటే ఆ మబ్బుతో పనిలేదని ఆయన లెక్క.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. నీళ్లు మోసింది సగానికి పైగా అమ్మ. పేడ పిసికింది అమ్మ. శేషాచలం నుంచి దిగే కోతులను మధ్యాహ్నమంతా కట్టె పట్టుకుని తరిమింది అమ్మ. పేరు మాత్రం ఫలానా వాళ్ల నాయన తోట. ఇవాళ నేను మడిమీద పుల్లగూర గురించి ఇంత ఆవేశపడుతున్నానుగానీ, ఆకు గిల్లడం, ఏరడం, కడగడం నాయన ఎప్పుడూ చేయలేదు. నేను చేస్తాను, చేయక తప్పదు. మా ఆవిడ మొదటిరోజే చెప్పేసింది, మట్టితో తెచ్చిన ఆకు తెచ్చినవాళ్లే కడగాలని.

నాయన పోయాక తమ్ముడు పెరట్లో రెండు గదులు వేసి బాడుగకిచ్చాడు. వాణ్ని తప్పుపట్టలేను. కొండకు వచ్చేవాళ్లు, చదువులకు వచ్చేవాళ్లు, ఆసుపత్రులకు వచ్చేవాళ్లు అందరూ తిరుపతిలో గది కావాలంటారు. ఆ బాడుగతోనే తమ్ముడి కూతురి మెడిసిన్ కోచింగు సాగింది. నాయన సొరకాయ ఏం చేసిందో ఆ గదులు కూడా అదే చేశాయి కదా అంటాడు తమ్ముడు. నా దగ్గర జవాబు లేదు. మునగచెట్టు కొట్టేయకుండా ఉండాల్సింది అని మాత్రం అన్నాను. మిద్దెపైన ఎరువు సంచుల్లో మట్టి పోసి మరదలు మెంతికూర, పుదీనా వేస్తోంది. కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి హైదరాబాదులో తన ఇంటి మిద్దెమీద పండించి చూపించాక, ఆ మిద్దెతోట అన్నది తెలుగు ఊళ్లన్నిటికీ పాకింది. మంచిదే. కానీ తిరుపతిలో మిద్దెమీద వేసింది ముందు కోతులకు, మిగిలింది మనకు. ఇక్కడ నాకు కోతుల బాధ లేదు. నత్తలున్నాయి. కోతిని కనీసం తిట్టుకోవచ్చు. రాత్రంతా మెక్కి పొద్దున కల్లా మాయమయ్యే నత్తను ఏమని తిట్టాలి?

మెచ్చుకోవలసింది ఇంకొకటి ఉంది. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక, తినడానికి కావలసింది ఎవరికి వాళ్లు పండించుకోండి అని ఈ దేశం పిలుపిచ్చింది. మడుల సంఖ్య 14 లక్షల దాకా పోయిందంటారు. లండన్ టవర్ కోట చుట్టూ ఉన్న కందకంలో కూడా కూరగాయలు వేశారు. పక్క మడి పెద్దాయన తండ్రి ఆ కాలంలో ఈ మడులలోనే ఉర్లగడ్డలు తవ్వినవాడు. ఆయన చేతి పార ఇప్పుడు ఈయన చేతిలో ఉంది. డాలియాల మీద నాకున్న కోపం ఆ పార చూశాక కాస్త తగ్గింది. పైగా ఆయన రూబర్బ్ కాడలు తెచ్చిస్తాడు. ఆకు విషం, కాడ మాత్రమే తినాలి. వీళ్లు చక్కెర వేసి తీపి చేసుకుంటారు. మేము కందిబేడలతో ఉడికించి తెల్లగడ్డ తిరగమోత పెడితే అచ్చం చుక్కకూర పప్పు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు మరి. ఒక గిన్నె ఆయనకూ ఇచ్చాను. మర్యాదకు తిన్నాడు.

మా పిల్లలు పప్పు తింటారు, మడికి రమ్మంటే రారు. పెద్దవాడు ఒకసారి లెక్క వేసి చూపించాడు. మడి బాడుగ, పెట్రోలు, విత్తనాలు, నా వారాంతాలు అన్నీ కలిపితే మన ఒక్కో సొరకాయ అంగడి ధరకు ఎన్నో రెట్లు పడుతోంది నాన్నా అన్నాడు. నాయనకు రూపాయి మిగిల్చిన పని నాకు పౌండ్లు తినేస్తోంది. వాడి లెక్కలో తప్పు లేదు. అయినా శనివారం పొద్దున నేను బూట్లు వేసుకుంటూనే ఉన్నాను. నాయన మాకు ఎన్నో చెప్పలేదు, పెరట్లోంచి తెచ్చి గడపలో పెట్టాడు. నేను కూడా అంతకంటే బాగా చెప్పలేను.

అనప మాత్రం కుదరలేదు. సంక్రాంతి ముందు మన వీధుల్లో వచ్చే ఆ వాసన కోసం ఇక్కడి మనవాళ్ల అంగట్లో గింజలు కొని వేశాను. ఊరినుంచి సర్టిఫికెట్ లేకుండా గింజ తేకూడదు కదా. తీగ కమిటీవాళ్లు మళ్లీ ఫొటో తీసేంత గుబురుగా పెరిగింది, పూత మాత్రం లేదు. అనపకు పగలు కురచ కావాలి. ఇక్కడ వేసవిలో రాత్రి తొమ్మిదైనా వెలుతురే. పగలు తగ్గి పూత కనపడే వేళకు మంచు పడి తీగంతా నల్లబడింది. పితికిపప్పు తినాలంటే జనవరిలో టికెట్ కొనుక్కోవాల్సిందే.

తిరుపతిలో, చిత్తూరులో ఇప్పుడు ఇళ్లు కడుతున్న అన్నదమ్ములకు ఒక విన్నపం. వాస్తుకు వదిలే చోటు ఎలాగూ వదులుతారు, బోరుకు వదిలే చోటు ఎలాగూ వదులుతారు. ఇంకో రెండు అంకణాలు సిమెంటు పోయకుండా వదలండి. ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక సొరపాదు పడతాయి. స్నానాల గది గొట్టం అటు తిప్పితే నీళ్లు కొనక్కర్లేదు. ఆకు ఏరి కడిగే పని మాత్రం ఆడవాళ్లకు వదిలేయకండి.