అంకెల వెనుకనున్న గాలి

2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయిన పిమ్మట బేగంపేట విమానాశ్రయము మూగవోయినదని తలంచువారు పెక్కుమంది కలరు గాని, అచటి వైమానిక శిక్షణశాలల హ్యాంగరులలో చిన్న విమానముల సందడి ఆ తరువాతను సాగుచునే వచ్చినది. వేసవిలో ఒకనాడు అట్టి శాలకు పోయి, నాలుగు ఆసనముల సెస్నా 172 విమానమున ఇన్‌స్ట్రక్టరుగారి ప్రక్కన కూర్చుండి, పైలటు యెదుట నమర్చిన గాజుతెరను చదువుట యెట్లో ఆమెవలన తెలిసికొను భాగ్యము నాకు కలిగెను. వెనుక ఆసనమున ఒక విద్యార్థి పుస్తకము విప్పుకొని కూర్చుండెను.

ఇంజను నడపకయే, వెలుపలి బండినుండి విద్యుత్తు నందించి మీట నొక్కగా, తెర వెలిగినది గాని దానిపై అంకెలకు మారుగా పెద్ద పెద్ద ఎఱ్ఱని ఇంటూ గుర్తులు కన్పట్టెను. “కంగారుపడకండి. తనకు నమ్మకమైన సమాచారం అందనంతవరకు ఇది అంకె చూపదు” అని ఆమె అనిరి. పూర్వపు విమానములలో బొంగరమువలె గిరగిర తిరుగు జైరోలు చేసిన పనిని ఇప్పుడు కదలిక కన్పించని సూక్ష్మగ్రాహకములు చేయుచున్నవి. అవి తమ నిలుకడను సరిచూచుకొనిన కొలది ఆ గుర్తులు ఒక్కొక్కటే తొలగి, పైన నీలాకాశము, క్రింద గోధుమవన్నె భూమి, నడుమ తెల్లని క్షితిజరేఖ ప్రత్యక్షమయ్యెను. ఎడమవైపు నిలువు పట్టీ వేగమును, కుడివైపుది ఎత్తును, దిగువ వలయము దిక్కును తెలుపును.

వేగపు పట్టీ ప్రక్కన రంగులున్నవి. ఆకుపచ్చ 129 నాట్స్‌తో ముగియును. ఆపై 163 వరకు పసుపు, అనగా గాలి ప్రశాంతముగా నున్నపుడు మాత్రమే ప్రవేశింపదగిన మేర. 163 కడ ఎఱ్ఱగీత, దానిని ఎన్నడును దాటరాదు. ఈ రంగులు పాతకాలపు ముల్లుగడియారములందును ఉండెడివి. క్రొత్తది వేఱొకటి: పట్టీవెంబడి సాగు సన్నని ఊదాగీత. ఇప్పటి త్వరణమే కొనసాగినచో 6 సెకన్ల పిమ్మట వేగమెంత యుండునో అది చూపును. మలుపు తిరుగునపుడు దిక్కుల వలయముపైని ఇట్టి గీతయే 6 సెకన్ల తరువాతి దిక్కును సూచించును. అది 18 డిగ్రీల గుర్తునకు తాకినచో విమానము సెకనుకు 3 డిగ్రీల చొప్పున, అనగా 2 నిమిషములలో ఒక పూర్తి చుట్టు తిరుగుచున్నదని గ్రహింపవలెను.

ఇంత సొగసుగా వెలుగు అంకెలకు పుట్టుక యెక్కడ? ఈ ప్రశ్న అడుగగా ఆమె నన్ను క్రిందికి దింపి, ఎడమ రెక్క అడుగున నున్న చిన్న గొట్టమును చూపిరి. అది పిటో ట్యూబు. ఎదురుగాలి ఒత్తిడిని అది గ్రహించును. విమానపు ఎడమపార్శ్వమున మఱియొక చిన్న రంధ్రము, స్టాటిక్ పోర్టు, నిశ్చలవాయువు ఒత్తిడిని గ్రహించును. ఈ రెంటి వ్యత్యాసమే వేగము, రెండవదానినుండియే ఎత్తు. గొట్టమునకు ఎఱ్ఱని తొడుగు వేసి యుంచిరి. ఏలయన ఒక పురుగు లోపల మట్టిగూడు కట్టిన చాలును. గొట్టపు నోరును, నీరుకారు రంధ్రమును రెండును పూడుకొనిపోయి లోపలి ఒత్తిడి బందీయైనచో, విమానము పైకెగిరిన కొలది బయటి ఒత్తిడి తగ్గుటచే, నిజవేగము మారకున్నను తెరపై వేగము పెరుగుచునే పోవును. దానిని నమ్మి ముక్కు ఇంకను పైకెత్తిన పైలటు స్టాలునకు, అనగా రెక్క గాలిపై పట్టు కోల్పోవు స్థితికి, చేరువగును. తెరకు దిగువ అత్యవసరమునకై యుంచిన పాత ముల్లు సహితము ఆ గొట్టముపైననే ఆధారపడినది గావున రెండును కలసియే తప్పు చెప్పును! అట్టి తరి ముక్కు కోణమును, ఇంజను చుట్లను చూచి వేగము నూహించుటకు విద్యార్థులను అలవఱచుచున్నామని ఆమె చెప్పిరి. ఆ నాటి సందర్శనమున నాకు మిక్కిలి విలువైనదిగా తోచిన మాట ఇదియే.

మరల లోనికి వచ్చి ఒత్తిడి సవరించు గుండీని ఆమె 1005 హెక్టోపాస్కల్స్ నుండి 1013కు త్రిప్పినంతనే, నేలను వీడని మా విమానము 1740 అడుగులనుండి సుమారు 1960 అడుగుల ఎత్తునకు ఎగిరినట్లు తెర చూపెను. మబ్బులలో నున్న పైలటునకు ఆ రెండువందల అడుగులు ప్రాణసమస్య యగును.

తెర ఎడమమూల అడుగున చిన్న అక్షరములలో బయటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలని యుండెను. “ఇప్పుడు సాంద్రత ఎత్తు ఎంతో చెప్పు బాబూ” అని ఆమె అడుగగా, విద్యార్థి లెక్కగట్టి, “ఐదువేలు దాటింది మేడమ్” అనెను. వేడికి పలుచబడిన బేగంపేట గాలి ఇంజనునకును, రెక్కకును ఐదువేల అడుగుల మీది గాలియే యన్నమాట. ముక్కెత్తు క్షణమున తెరపై యథాప్రకారము 55 నాట్స్ కన్పడును గాని, గాలిలో వాస్తవవేగము 59కి చేరును. ఇంజను బలమో, తగ్గియుండును. రన్‌వేపై పరుగు పొడుగగును. ఆ లెక్కను కాగితముపై మరియొకసారి సరిచూచి, నిండు ట్యాంకులతో ముగ్గురు పోవలసిన మధ్యాహ్నపు పాఠమును ఆమె మరునాటి ఉదయము ఆరుగంటలకు మార్చిరి.