ఒక్క టిక్కు



కిందటి భాగం చదివి చాలామంది ఇన్‌బాక్సులో ఒకటే అడిగారు. "అన్నా, ఇంటి సంగతులు సరే, ఉద్యమం సంగతులు ఎప్పుడు రాస్తారు?" రాస్తాను. ముందు ఈ కబుర్లు రాయనివ్వండి. హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఇంటి వాట్సాప్ గ్రూపును మ్యూట్‌లో పెట్టుకుని ఉంటారు. ఇది ఆ గ్రూపు గురించే.

మా గ్రూపులో ముప్పై ఎనిమిది మందిమి. ముమ్మిడివరంలో మా పేటలోనివి నాలుగిళ్ళు, హైదరాబాదులో రెండు, కాకినాడలో ఒకటి, మస్కట్‌లో మా చిన్న బావ, కువైట్‌లో మా మేనత్త. ఏడాదంతా గుడ్ మార్నింగ్ బొమ్మలు, వాక్యాలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ఏప్రిల్ సగానికి వచ్చేసరికి మాత్రం గ్రూపు లేచి కూర్చుంటుంది. కాలవలు కట్టేశారంట, కుళాయిలో నీళ్ళు ఉప్పగా వస్తున్నాయంట. దాళ్వా కోతలు అయిపోయాయి, పెదనాన్నకి కౌలు పోగా ఏమీ మిగల్లేదు. దింపు తీయడానికి మనుషులు దొరకట్లేదు, దొరికినా కాయకి ధర లేదు. చర్చిలో వీబీఎస్ మొదలైంది, పిల్లలు పాటలు నేర్చుకుంటున్నారు. కొత్తపల్లి కొబ్బరి మామిడి ఈసారి కాపు తక్కువ, ఆవకాయకి ఏం కాయ తేవాలి? పిన్నికి మోకాళ్ళ నొప్పి. పిన్ని మోకాళ్ళ నొప్పి మీద మా గ్రూపులో ఉన్నంత చర్చ రిజర్వేషన్ల వర్గీకరణ మీద కూడా జరగలేదు.

మన పేటల గురించి పేపర్లో ఏం వస్తుందో మీకు తెలుసు. కొట్లాట జరిగితే వస్తుంది, కేసు పెడితే వస్తుంది, ఎవరైనా చస్తే వస్తుంది. పిన్ని మోకాళ్ళ గురించి రాదు. రేపు ఎవరైనా కోనసీమ దళితుల చరిత్ర రాద్దామని కూర్చుంటే వాళ్ళకి దొరికేవి ఎఫ్‌ఐఆర్‌లే. మనం వేసవిలో ఏం తిన్నాం, ఎవరింటికి వెళ్ళాం, ఎవరితో మాట మానేశాం అన్నది ఏ రికార్డులోనూ ఉండదు.

మా మేనత్త కువైట్ వెళ్ళి పాతికేళ్ళు దాటింది. ఖద్దామా పని. అరబ్బు ఇంట్లో వంట, ఇల్లు తుడవడం, వాళ్ళ పిల్లల్ని పెంచడం. ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళకి ముప్పై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నిబంధన. పాస్‌పోర్టు ప్రకారం మా అత్త వయసు వేరు, మా నాయనమ్మ లెక్క ప్రకారం వేరు. కోనసీమలో ఇలాంటి రెండు వయసులున్న ఆడవాళ్ళు ఎందరో.

అప్పట్లో కబుర్లు కేసెట్లలో వెళ్ళేవి. సెలవు మీద ఊరికొచ్చి తిరిగి వెళ్తున్న వాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం. టేప్ రికార్డరు అత్త పంపిందే. ఎ సైడు పెద్దవాళ్ళు మాట్లాడాలి, బి సైడు పిల్లలం. నాయనమ్మకి ఆ పెట్టెతో మాట్లాడ్డం వచ్చేది కాదు. "బాగున్నావా అమ్మా" అని, జవాబు కోసం ఆగేది. ఆ ఆగడం కూడా టేపులో ఉంది.

మా పేటకి కబురు ఆగిపోవడం కొత్త కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు మా అమ్మ వాళ్ళ పిన్ని అక్కడే ఉంది. ఇంటికి వారాల తరబడి ఏ కబురూ లేదు. ఆ తర్వాత అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో సుమారు 1,70,000 మందిని మన దేశానికి తెచ్చారు. సినిమాలు తీసింది వ్యాపారుల మీద. ఆ విమానాల్లో వంటమనుషులూ ఆయాలూ కూడా ఉన్నారు. ఆవిడ ఒక చేతిసంచితో దిగింది. ఏం జరిగిందని అడిగితే "ఎండలు బాగా ఉన్నాయి" అనేదట, అంతే.

ఇక 2022 మే నెల.

ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తామని, అభ్యంతరాలుంటే చెప్పమని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మీరు టీవీల్లో చూశారు. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, మా ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాల్చారు. 144 సెక్షన్ పెట్టారు. మొబైల్ నెట్ తీసేశారు. అమలాపురం నుంచి మాకు ఓ పదిహేను కిలోమీటర్లు. పేటలో ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. కుర్రాళ్ళెవరూ రోడ్డెక్కకుండా ఆడవాళ్ళే సందు మొదట్లో మంచాలు వేసుకుని కూర్చున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మేనత్త కూతురికి నెలలు నిండాయి. అమలాపురం తీసుకెళ్దామని ముందు నుంచీ అనుకున్నది మానుకుని, మా ఊళ్ళోనే కాన్పు చేయించాం. మే 26 తెల్లవారుజామున ఆడపిల్ల.

మామూలు ఫోన్లు పనిచేస్తున్నాయి. కానీ మా సిమ్ముల్లో ఐఎస్‌డీ ఎవరికుంది? హైదరాబాదులో పెద్దక్కకి చెప్తే, ఆవిడ కువైట్‌కి వాట్సాప్‌లో పెట్టింది. "ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. అందరం బాగున్నాం." అత్తకి విషయం తెలిసింది. ముఖ్యమైన వార్త ఎలాగైనా చేరుతుంది. మిగిలినదే చేరదు. పిల్ల ఎవరి పోలిక? జుట్టుందా? పాలు పడుతున్నాయా? పత్యం ఎవరు వండుతున్నారు, వెల్లుల్లి కారం వేస్తున్నారా? ఇవన్నీ హైదరాబాదు మీదుగా అడగడానికి అత్తకి మొహమాటం.

దాంతో ఆవిడ రోజూ రాత్రి పని అయ్యాక, కూతురి నంబరుకే వాయిస్ మెసేజీలు పెట్టడం మొదలుపెట్టింది. అన్నీ ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి.

ముమ్మిడివరం నుంచి ఎదుర్లంక వంతెన దాటితే యానాం. అది పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ నెట్ ఉంది. ఆ రోజుల్లో మావాళ్ళు ఎంతోమంది అక్కడికే పోయేవాళ్ళు. కంప్యూటర్ ఉద్యోగాలు ఇంటి నుంచి చేసుకునే పిల్లలు, బ్యాంకు పని ఉన్నవాళ్ళు, అప్లికేషన్లు పెట్టుకునేవాళ్ళు. (వంతెన లేనప్పుడు పంటు మీద దాటేవాళ్ళు. లోక్‌సభకి స్పీకరైన మొదటి దళితుడు జి.ఎం.సి. బాలయోగి ఊరు ఆ ఎదుర్లంకే. ఆ వంతెనకి ఆయన పేరు పెట్టినందుకు ఎవరి ఇల్లూ తగలబెట్టలేదు. ఎందుకో ఆలోచించండి.)

తొమ్మిదో రోజు మా మరదలి మొగుడు ఆమె ఫోను జేబులో పెట్టుకుని బండి మీద యానాం వెళ్ళాడు. పిల్ల ఫోటోలు పదకొండు పంపాడు. పంపుతుండగానే అత్త మెసేజీలు వచ్చి పడ్డాయంట, చెయ్యి అదిరిపోయేలా. అతను వినలేదు. "అమ్మా కూతుళ్ళ మాటలు నాకెందుకు" అని అలాగే ఇంటికి తెచ్చాడు.

ఆ రాత్రి కరెంటు పోయింది. మరదలు మంచం మీద, పక్కన పిల్ల. చుట్టూ మేమందరం. ఫోను పెద్దగా పెట్టింది.

మొదటి రాత్రివన్నీ భయమే. "ఎవురూ మాటాడరేంటే? టీవీలో తగలబడిపోతంది చూపిస్తన్నారు. మీ బావని బయటికెళ్ళనీకు." రెండో రాత్రీ అదే. మూడో రాత్రికి ఏడుపు ఆగి కబుర్లు మొదలయ్యాయి. ఆవకాయ పట్టారా? మామా కూతురి పెళ్ళి, వందమందికి వండానే. ఇక్కడ ఎండ మీకు తెలీదు, బయట పనిచేసేవాళ్ళకి జూన్ నుంచి మధ్యాన్నం పదకొండు నుంచి నాలుగు దాకా పని ఆపించే చట్టం ఉంది, వంటింటికి ఆ చట్టం లేదు. ఇది చెప్పి నవ్వింది. మేమూ నవ్వాం.

ఆరో రాత్రిది చిన్న మెసేజీ. "ఎలాగూ నీకు చేరట్లేదు కదా, చెప్తన్నాను. నూనె పడి చెయ్యి కాలింది. మోచేతి దాకా. నువ్వు కడుపుతో ఉన్నావని చెప్పలేదు. ఆ చేత్తోనే పెళ్ళి వంట చేసేను. ఆస్పత్రికి తీసుకెళ్ళమంటే పెళ్ళయ్యాక చూద్దాం అన్నారు. నాకు ఇంటికి రావాలనుందే."

ఎవరూ మాట్లాడలేదు. ఏడో రాత్రి మెసేజీలో మళ్ళీ పిల్ల పోలిక గురించే.

పాతికేళ్ళ కేసెట్లు, ఫోన్లు, వీడియో కాళ్ళు, వీటన్నిట్లోనూ అత్త "ఇక్కడ బాగానే ఉంది" తప్ప ఇంకో మాట అనలేదు. మేమూ అంతే. నాయనమ్మకి పక్షవాతం వచ్చిన సంగతి ఆవిడకి నాలుగు నెలల తర్వాత చెప్పాం. ఎడారిలో ఉన్నవాళ్ళకి మంచి కబురే పంపాలి, ఊళ్ళో ఉన్నవాళ్ళకి డబ్బే పంపాలి. ఈ ఒప్పందం ఎవరు ఎప్పుడు రాశారో గానీ గల్ఫ్ వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఉంది. నెట్ తీసేసింది పుకార్లు ఆపడానికన్నారు. మా ఇంట్లో మాత్రం అది లేకపోవడం వల్లే ఒక నిజం బయటికొచ్చింది. దీన్ని పట్టుకుని నెట్ ఆపడం మంచిదేనని ఎవరూ కామెంట్ పెట్టకండి. బాలింత తల్లితో తొమ్మిది రోజులు మాట్లాడలేకపోయింది.

మరదలు ఆ రాత్రే వరసగా జవాబులు చెప్పింది. నెట్ లేదని తెలిసే చెప్పింది. ప్రతిదాని పక్కనా చిన్న గడియారం గుర్తు. "జుట్టు నల్లగా ఉందే. ముక్కు నీదే. ఆవకాయ పట్టాం, చిన్న జాడీయే." చివరిది: "చెయ్యి ఫోటో పంపు. దాచకు."

కొన్ని రోజులకు నెట్ వచ్చింది, అవి వెళ్ళాయి. అత్త చేసిన మొదటి పని ఆ ఆరో రాత్రి మెసేజీ చెరపబోవడం. అప్పట్లో అందరికీ కనపడకుండా తీసెయ్యాలంటే గంటకి మించి వీలయ్యేది కాదు. అది ఉండిపోయింది. మూడు రోజులకు చెయ్యి ఫోటో వచ్చింది. ఆ తర్వాత నుంచి మా ఇంట్లో కబుర్లు కొంచెం మారాయి. ఎక్కువేం కాదు.

ఇప్పుడొక సాయం కావాలి. అత్తకి పంపిన, అత్త పంపిన కేసెట్లు నా దగ్గర నాలుగు మిగిలాయి. రెండింటికి బూజు పట్టింది. అమలాపురం, ముమ్మిడివరం చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పనిచేసే టేప్ రికార్డరు ఉంటే మెసేజీ పెట్టండి. బండి వేసుకుని నేనే వస్తాను. మీ ఇళ్ళలో అటక మీద కువైట్ కేసెట్లు ఉంటే వాటినీ పారెయ్యకండి, వాటితోపాటు కూర్చుని విందాం.