తొండం కుట్టినోళ్లు, తిత్తి మార్చుకునేటోళ్లు



పోయిన భాగంలో హాస్టల్ మెస్ గురించి రాశాను. ఈసారి ఒక పాత కారు గురించి. ఉద్యమం వదిలేసి అన్న కార్ల మీద పడ్డాడని నవ్వుకోకండి, చివరిదాకా చదవండి.

రేంజ్ రోవర్ తెలియనివాళ్లు లేరు. మన దగ్గర అది కాంట్రాక్టర్ల బండి, సినిమా హీరోల బండి. 1970లో ఇంగ్లండ్‌లో మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం దానికింత షోకు లేదు. రెండే తలుపులు, వినైల్ సీట్లు. పొలం నుంచి బురదతో వస్తే లోపల కూడా నీళ్లు కొట్టి కడుక్కోవచ్చు. తోలు సీట్లు, నున్నటి చెక్క పలకలు తర్వాత వచ్చి చేరాయి. 1994లో రెండో తరం బండి వచ్చి 2002 దాకా నడిచింది. దాని అభిమానులు పి38 అని పిలుచుకుంటారు. బర్మింగ్‌హామ్ పక్కనే సోలిహల్‌లో తయారయ్యేది.

ఇలాంటి బండ్లకు ఒక లెక్క ఉంది. ముసలిదయ్యేకొద్దీ బండి ధర పడిపోతుంది. విడిభాగాల ధర, షోరూమ్ లేబర్ ఛార్జీ పడిపోవు. కొత్తగా కొన్న లాయరో డాక్టరో ఎప్పుడో అమ్మేస్తాడు. ఇరవై ఏళ్ల తర్వాత అది ప్లంబర్ చేతికో, రిటైరైన ఫిట్టర్ చేతికో వస్తుంది. షోరూమ్‌కు తీసుకుపోయే స్తోమత వాళ్లకు ఉండదు. ఇంటి ముందు జాకీ పెట్టి వాళ్లే కిందికి దూరతారు.

కోవెంట్రీలో చదువుకునేటప్పుడు నేను అద్దెకున్న ఇంటి ఓనరు అలాంటోడే. డెబ్బైకి దగ్గరపడ్డ తెల్లాయన. ఇరవై ఏళ్లు దాటిన పి38 ఆయనది. ఆదివారం వస్తే చర్చికి పోయేటోళ్లు చర్చికి పోయేవాళ్లు, ఈయన నీలం ఓవరాల్ తొడుక్కుని బండి కిందికి పోయేవాడు. నాకు చలికాలంలో వేరే పని లేదు. స్పానర్లు అందిస్తూ నిలబడేవాణ్ని.

ఆ బండికి ఇనుప స్ప్రింగులు ఉండవు. నాలుగు మూలలా నాలుగు రబ్బరు సంచులు, వాటిలో గాలి. బానెట్ కింద ఒక కంప్రెసర్, గాలిని పంచే వాల్వు పెట్టె. కింద ఒక గాలి ట్యాంకు. ప్రతి మూలా ఎత్తు చూసే సెన్సరు. మీట నొక్కితే బండి లేస్తుంది, దిగుతుంది. వాళ్లు ఎయిర్ స్ప్రింగు అంటారు గానీ, కొలిమి చూసినోడు ఎవడైనా దాన్ని తిత్తి అనే అంటాడు.

రబ్బరుకు వయసొస్తే పగుళ్లు వస్తాయి. అది ఏ కంపెనీదైనా అంతే. రాత్రి నిలబెట్టిన బండి పొద్దున్నకు నేలకు కూలబడి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద గంటకు ముప్పై ఐదు మైళ్లు దాటొద్దని హెచ్చరిక వెలుగుతుంది.

ఏ తిత్తి కారుతుందో కనుక్కోవడం మొదటి తిప్ప. ఎందుకంటే నాలుగూ సమానంగా కూలబడి ఉంటాయి. దీని వెనక ఒక కిటుకు ఉంది. బండి ఆపి తాళం వేసినా ఆరు గంటలకోసారి దానికి మెలకువ వస్తుంది. ఏ మూల కిందికి జారిందో చూసి, మిగతా మూడింటినీ దాని మట్టానికి దించుతుంది. ఒక్క తిత్తి కారినా మంచిగున్న మూడూ దానితోపాటు దిగాల్సిందే. అందుకని రాత్రి సీటు కింద ఉండే చిన్న టైమర్ రిలే పీకేసి పడుకోవాలి. అప్పుడు పొద్దున్నకు కారే మూల ఒక్కటే కుంగి దొరికిపోతుంది. ఇది కనిపెట్టింది షోరూమ్ ఇంజనీర్లు కాదని, ఆయనలాంటి ఓనర్లేనని ఆయన గర్వంగా చెప్పాడు. నిజమో కాదో గానీ కిటుకు మాత్రం పనిచేసింది.

కుడివైపు వెనక మూల కుంగింది. గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు చిమ్మాడు. ఆయన గొట్టం అతుకు దగ్గర బుడగల కోసం చూస్తున్నాడు. నేను తిత్తి మడత చూడమన్నాను. రబ్బరు కింది డబ్బా మీదికి దొర్లి లోపలికి మడత పడే చోటు. అక్కడ సన్నగా, ఉమ్మి నురగలాగా బుడగలు వస్తున్నాయి.

‘నీకెట్ల తెలుసు?’ అన్నాడు.

నాకు తెలిసింది మెకానిక్ పని కాదు. మా తాత మాదిగ. నల్లగొండ జిల్లాలో మా ఊళ్లో మోటలు నడిచినన్నాళ్లు, పటేళ్ల బావులన్నిటికీ తొండాలు కుట్టినోడు. మోట చూడని పిల్లల కోసం చెప్తున్నా: ఎడ్లు బొక్కెనను పైకి లాగుతాయి. దానికి కింద ఏనుగు తొండంలాగా తోలు గొట్టం ఉంటుంది. పైకి వచ్చేదాకా ఆ తొండం మడతపడి ఉంటుంది. గట్టు మీదికి రాగానే సాగి కాలువలోకి నీళ్లు వదులుతుంది. రోజుకు ఎన్ని వందలసార్లు మడత పడుతుందో లెక్కలేదు. చిల్లి ఎప్పుడూ మడత కాడనే పడుతుందని మా నాయిన వంద సార్లు చెప్పి ఉంటాడు. తాత లందలో సున్నం, తంగేడు చెక్క వేసి తోలు నానబెట్టి, ఆరెతో కుట్టి, నీళ్లు పోసి వేలాడదీసి చూసేవాడట. ఒక్క చుక్క కారినా పటేల్ ఊరుకోడు. కూలి ఏడాదికోసారి కల్లం కాడ, అందరూ కొలుచుకున్నాక మిగిలిన గింజలు.

ఆ తొండంలోంచి వచ్చిన నీళ్లతో పటేల్ వరి పండింది. ఆ వరి అన్నం దేవుడికి నైవేద్యం అయింది. తొండం కుట్టిన మనిషి మాత్రం ఊరి మంచినీళ్ల బావి గట్టు ఎక్కరాదు. తర్వాత బోరింగులు వచ్చాయి. మార్క్-2 చేతిపంపు లోపల సిలిండర్‌లో మొదట్లో తోలు కప్పు వాషర్లే ఉండేవి. లోపలి తోలుకు అంటులేదు, బయట బిందె పట్టుకున్న మాదిగ ఆడామెకు అంటు. ఇది నేను ఏ సిద్ధాంత గ్రంథంలోనూ చదవలేదు, పంపు విప్పినప్పుడు చూశాను.

ఓనరుకు ఇదంతా ఎట్ల చెప్పను? మా తాత తోలుతో నీళ్ల సంచులు కుట్టేవాడని మాత్రం చెప్పాను. ఆయన కళ్లు పెద్దవి చేసి, ఏ దారంతో, నీళ్లు కారకుండా కుట్టు ఎట్ల మూస్తారు అని వరసగా ప్రశ్నలు వేశాడు. ముప్పై ఏళ్ల జీవితంలో మా తాత పని గురించి నన్ను మర్యాదగా ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఆయన. తిత్తి మార్చిన పూట తీసిన ఫోటోలు ఇంకో నలుగురు ఓనర్లకు పంపుతూ, నేను మడత చూడమన్న సంగతి కూడా రాశాడు.

ఆ పక్కనే సిగరెట్ తాగుతూ మన తెలుగు రూమ్మేట్ ఒకడు నిలబడి ఉన్నాడు. అతనికి వినబడాల్సింది వినబడింది. అతను ప్రశ్నలేమీ అడగలేదు. వారం తిరగకముందే వంటింట్లో రైస్ కుక్కర్ రెండు అయ్యాయి. ఫ్రిజ్‌లో నా గిన్నె కింది అరకు దిగింది. అదే బ్రిటన్‌లో 2010 ఈక్వాలిటీ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు చెప్పింది. 2018లో ప్రభుత్వం ఆ అవసరం లేదంది. కింది అరలో గిన్నె పెట్టుకున్నోడిని అడిగి ఉంటే అవసరం ఏమిటో చెప్పేవాడిని.

దీన్నిబట్టి శ్రమ గౌరవం గురించి ఉపన్యాసం మొదలుపెడతానని అనుకోకండి. ఆ మాట నాకు అనుమానం. పాకీపనిని గాంధీ పవిత్రం చేస్తే, 1945 నాటి పుస్తకంలో అంబేడ్కర్ దాన్ని ఉతికి ఆరేశారు. మా ఓనరు చేతికి గ్రీజు అంటితే సాయంత్రానికి కడుక్కుంటాడు, విసుగొస్తే సోమవారం బండి అమ్మేస్తాడు. మా తాత తొండం అమ్మలేడు, మానలేడు, కడుక్కోలేడు. ఒకరిది సరదా, ఇంకొకరిది శిక్ష. పనితనం మాత్రం ఒకటే.

ఇంకో తేడా కూడా ఉంది. ఆ బండి కంప్యూటర్‌తో మాట్లాడే యంత్రం ఒకప్పుడు షోరూమ్‌ల దగ్గరే ఉండేది. ఓనర్లు దాని భాష పట్టుకుని, చిన్న కేబులు, ల్యాప్‌టాప్‌తో తప్పుల జాబితా చదివి చెరిపేసే ప్రోగ్రామ్ రాసి ఊరికే పంచారు. హేన్స్ పుస్తకాలైతే బండిని పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి, ఆ ఫోటోలతో అచ్చువేసినవి. మా తాతకు తెలిసింది ఒక్క అక్షరం కూడా కాగితం మీదికి రాలేదు. ఏ తోలు ఎన్ని రోజులు నానాలి, ఎండాకాలం ఎంత, వానాకాలం ఎంత, అంతా ఆయనతోనే మట్టిలో కలిసింది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతూ, ఊళ్లో ఇంజనీరింగ్ అని చెప్పుకుంటున్న తమ్ముళ్లు ఇది చదువుతున్నారని నాకు తెలుసు. మీ ఇంట్లో ముసలోళ్లు బతికుంటే ఈ సెలవుల్లో ఫోన్‌లో రికార్డు చేయండి. మళ్లీ ఆ పనికి పొమ్మని కాదు. రాసి పెట్టమని.

తిత్తి మార్చడం పెద్ద పని కాదు, భయం పని. ముందు గాలంతా వదిలేయాలి. చాసిస్ కింద స్టాండులు పెట్టకుండా ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టి దూరితే, బండి కూలి మనిషి ప్రాణం పోతుంది. గొట్టం కొసను పదునైన బ్లేడుతో నిలువుగా, నున్నగా కోయాలి, లేకపోతే అక్కడ మళ్లీ కారుతుంది. ఇవన్నీ ఆయన నాకు రెండేసి సార్లు చెప్పాడు. వెనక రెండు తిత్తులూ కలిపి మార్చాం. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంచొద్దంటాడు.

ఆ రాత్రి నాయినకు వీడియో కాల్ చేసి పాత తిత్తి చూపించాను. ఫోన్ దగ్గరికి జరపమని, మడత తిప్పించి తిప్పించి చూశాడు.

‘గిక్కడ ఆముదం రాయరా బిడ్డా?’

‘రబ్బరుకు నూనె పడదు నాయినా. పాడైతది.’

‘మరి చిల్లి వడితే అతుకు ఏస్తరా?’

‘ఎయ్యరు. కొత్తది కొంటరు.’

ధర చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

‘గన్ని పైసలా? గా ఊళ్లె కుట్టేటోడు ఒక్కడు లేడా?’ అన్నాడు.