వెళ్ళిరమ్మనే మాట

మన ఇళ్ళలో ఎవరైనా గడప దాటుతూ “వెళ్తున్నా” అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. “వెళ్ళొస్తానను” అని సరిదిద్దితే గాని అడుగు వేయనివ్వరు. ఇక్కడి కన్నడం వాళ్ళదీ అదే వరస. “హోగి బర్తీని” అంటారు. తొందరలో వున్నవాడు “హోగి” మింగేసి, వట్టి “బర్తీని” అంటూ లేచిపోతాడు. వెళ్ళిపోతూ వస్తానంటాడేమిటని ఉత్తరాది నుంచి వచ్చిన ఉద్యోగి ఎవరైనా తికమక పడవచ్చు గాని, తెలుగువాడికి ఆ బాధ లేదు. మనం లేచేదీ “మరి వస్తానండీ” అనే కదా.

సింధనూరు తాలూకా క్యాంపులో ఇన్నేళ్ళు బతికిన నాకు ఈ మాట మీద ఆలోచన పుట్టింది మాత్రం ఇక్కడ కాదు, యూదుల గ్రంథంలో. అదెలాగో చెప్పాలి. మా పూర్వుల ఊరు గుంటూరు జిల్లాలో చేబ్రోలు పక్కన. అక్కడికి దగ్గరలో కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. ఆ ఊళ్ళో కొన్ని మాదిగ కుటుంబాలవారు తాము యూదులమని, ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటారు. ‘బెనే ఎఫ్రాయిం’, అంటే ఎఫ్రాయిము సంతతి అని తమ సమాజానికి పేరు పెట్టుకున్నారు. 1990ల మొదట్లో ప్రార్థనామందిరం ఏర్పాటు చేసుకున్నారు. ప్రార్థన హీబ్రూలో, ఇంట్లో మాట తెలుగులో. యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ళ మీద 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. వంశావళి సంగతి తేల్చడం నా పని కాదు. మన పొరుగూళ్ళో, మన యాసలో మాట్లాడే మనుషులు అంత దూరపు గ్రంథాన్ని తమదిగా పట్టుకున్నారంటే, అందులో ఏముందో చూద్దామనిపించింది. తాల్మూదు ఇంగ్లీషు అనువాదం ఒకటి 2017 నుంచి ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతోంది. మా అబ్బాయి ఫోనులో పెట్టిచ్చాడు. అది సముద్రం. నేను ఒడ్డున నిలబడి కాళ్ళు తడుపుకున్నవాణ్ణి.

తాల్మూదులో మొదటి భాగం పేరు ‘బెరాఖోత్’. దీవెనలని అర్థం. దాని చివరి పుటలో రబ్బీ అవీన్ అనే లేవీయుడి మాట వుంది. స్నేహితుడి దగ్గర సెలవు తీసుకునేటప్పుడు “క్షేమంతో వెళ్ళు” అనకూడదట, “క్షేమానికి వెళ్ళు” అనాలట. హీబ్రూలో రెంటికీ ఒక్క అక్షరమే తేడా: ‘బెషాలోం’ అంటే క్షేమంతో, ‘లెషాలోం’ అంటే క్షేమానికి. ఎందుకట? ఐగుప్తుకు బయల్దేరిన మోషేను మామ యిత్రో “లెషాలోం” అని పంపాడు. అతను వెళ్ళి ఘనకార్యం సాధించాడు. హెబ్రోనుకు వెళ్ళి మొక్కు తీర్చుకుంటానన్న కొడుకు అబ్షాలోమును దావీదు “బెషాలోం” అని పంపాడు. అతను వెళ్ళి తండ్రి మీదే తిరగబడి, చివరికి చెట్టు కొమ్మల్లో తల చిక్కుకుని చచ్చాడు.

మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. విభక్తి ప్రత్యయం మారినంత మాత్రాన మనిషి చెట్టుకు వేలాడతాడా? అబ్షాలోము చెడింది రాజ్యకాంక్ష వల్ల. తండ్రి వ్యాకరణం వల్ల కాదు. కాని ఆ వెంటనే వున్న వాక్యం చదివాక నవ్వు ఆగిపోయింది. చనిపోయినవారి దగ్గర సెలవు తీసుకునేటప్పుడు మాత్రం “క్షేమానికి వెళ్ళు” అనకూడదు, “క్షేమంతో వెళ్ళు” అనే అనాలి. దానికి ఆదికాండంలో దేవుడు అబ్రాహాముకు ఇచ్చిన మాటను సాక్ష్యం చూపుతారు: నువ్వు క్షేమంతో నీ పితరులను చేరుకుంటావు అని.

నాకు తోచిన అర్థం ఇది. “క్షేమంతో” అంటే ఆ మనిషికి దక్కవలసింది దక్కిపోయింది, ఇక కూడికలూ తీసివేతలూ లేవు, లెక్క ముగిసింది. “క్షేమానికి” అంటే అది ఇంకా ముందుంది, ఇతను దారిలో వున్నాడు. బతికివున్నవాడి లెక్క మూసేయకూడదు. పోయినవాడి లెక్క తెరిచి వుంచకూడదు.

మనవాళ్ళు ఈ పని ప్రత్యయంతో కాక ‘వచ్చు’ అనే క్రియతో చేశారు. చావింటికి పరామర్శకు పోయినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు “వెళ్ళొస్తాం” అనరు. చెప్పకుండా లేచి, చెప్పులు వేసుకుని నడిచిపోతారు. చిన్నప్పుడు అది మర్యాద తప్పడమనుకునేవాణ్ణి. ఆ ఇంటికి అలాంటి పని మీద మళ్ళీ రావద్దనే జాగ్రత్త అది. మాటకు భయపడే జాతులన్నీ చుట్టాలే అనిపిస్తుంది. డబ్బాలో బియ్యం అయిపోతే మన ఆడవాళ్ళు “నిండుకున్నాయి” అంటారు. రబ్బీలు గుడ్డివాణ్ణి “వెలుగు మెండుగా వున్నవాడు” అంటారు. దైవదూషణ అనే మాట పలకడానికి నోరు రాక దాన్ని “నామాన్ని దీవించడం” అన్నారు. యోబు గ్రంథంలో భార్య అతన్ని దేవుణ్ణి దీవించి చావమంటుంది; అక్కడ దీవెన అంటే శాపమని చదువుకోవాలి.

ఇక మా సంగతి. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయింది. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోది. 1956లో మైసూరులో కలిసింది. ఎడమ కాలువ నీళ్ళు పారే నల్లరేగడి చవకగా దొరుకుతుందని గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ పదెకరాలు కొన్నారు. మా నాన్న ఆ గుంపులో ఒకడు. క్యాంపు అంటే నాలుగు రోజులుండి గుడారం పీకేసేది. మూడు తరాలు గడిచాయి, బడీ గుడీ రైసుమిల్లూ వచ్చాయి, ఊరి పేరు చివర క్యాంపు మాత్రం అలాగే వుంది.

బయల్దేరిన రోజున నాన్న మా నాయనమ్మ కాళ్ళకు మొక్కి “వెళ్ళొస్తానమ్మా” అన్నాడు. ఆవిడ “వెళ్ళిరా నాయనా” అన్నది. సంక్రాంతికి వెళ్ళేవాడు, పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు. ఉండటానికి మాత్రం తిరిగి వెళ్ళలేదు. ఆవిడ పోయినప్పుడు తంతి అందుకుని, రైలెక్కి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. “ఆ రోజు అమ్మతో అబద్ధం చెప్పాను” అని నాన్న ముసలితనంలో ఒకటి రెండుసార్లు అన్నాడు. మేము ఏమీ అనలేకపోయేవాళ్ళం. ఇప్పుడైతే రబ్బీ అవీన్ మాట చెప్పేవాణ్ణి. వెళ్ళొస్తాననేది తారీకు వేసి రాసిచ్చిన నోటు కాదు నాన్నా, దారి మూసేయలేదని చెప్పడం. నువ్వు మూయలేదు కదా.

మాట అనేసి ఊరుకోవడంతో రబ్బీలు తృప్తిపడలేదు. సాగనంపడం మీద వాళ్ళు చెప్పింది నాకు ఇంకా గట్టిగా తగిలింది. ద్వితీయోపదేశకాండంలో ఒక విధి వుంది. పొలంలో ఎవరో హత్యకు గురై పడివుంటే, చంపినవాడెవరో తెలియకపోతే, దూరం కొలిచి దగ్గరి ఊరేదో తేల్చాలి. ఆ ఊరి పెద్దలు ఒక పెయ్య మెడ విరిచి, దాని మీద చేతులు కడుక్కుని, ఈ రక్తం మా చేతులు చిందించలేదని చెప్పాలి. మిష్నాలో రబ్బీలు అడుగుతారు: ఊరి పెద్దలే హంతకులని ఎవరైనా అనుకుంటారా, వాళ్ళచేత ఈ మాట ఎందుకు చెప్పించడం? జవాబు కూడా వాళ్ళదే. ఆ మనిషి మా దగ్గరకు వచ్చాక అన్నం పెట్టకుండా పంపెయ్యలేదు. చూసి కూడా తోడు నడవకుండా వదిలెయ్యలేదు. పెద్దలు చెబుతున్నది ఇదట. అంటే బాటసారికి అన్నం పెట్టకపోవడం, కొంతదూరం సాగనంపకపోవడం నెత్తుటి లెక్కలోకి వస్తాయి. ఎంతదూరం నడవాలో కూడా తాల్మూదులో చెప్పారు. గురువు శిష్యుణ్ణి ఊరి శివారు దాకా, స్నేహితుణ్ణి స్నేహితుడు రెండు వేల మూరలు, అంటే సుమారు ఒక కిలోమీటరు, శిష్యుడు గురువును దానికి నాలుగింతలు.

మా క్యాంపుల్లో మొదటి తరం వాళ్ళు ఇది చదివినవాళ్ళు కారు. కాలువ గట్టు వెంట బస్సు ఆగే చోటు దాకా సంచీ మోస్తూ నడిచి, బస్సు కదిలాక కూడా కాసేపు నిలబడేవాళ్ళు. కొత్త ప్రాంతం, తెలియని భాష, రాత్రయితే చీకటి. ఒకరి తోడు ఒకరికి అన్నంతో సమానం. ఇప్పుడు కారు గుమ్మం ముందుకే వస్తుంది. అద్దం దించి చెయ్యూపితే అయిపోయింది. రెండు వేల మూరలు రెండు మూరలయ్యాయి.

దీవెనల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ‘తానీత్’ అనే భాగంలో వుంది. రబ్బీ యిస్హాక్ సెలవు తీసుకుంటుంటే రావ్ నహ్మాన్ తనను దీవించమని అడిగాడు. అప్పుడాయన ఒక కథ చెప్పాడు. ఎడారిలో ఆకలి, దాహం, అలసటతో నడిచే మనిషికి ఒక చెట్టు కనబడింది. పండు తీపి, నీడ చల్లన, కింద కాలువ పారుతోంది. తిన్నాడు, తాగాడు, పడుకున్నాడు. వెళ్ళేముందు చెట్టును దీవించబోయి ఆలోచనలో పడ్డాడు. పండు తియ్యగా వుండాలందామా, వున్నదే. నీడ, నీళ్ళు, అవీ వున్నవే. చివరికి, నీ నుంచి నాటిన మొక్కలన్నీ నీలాగే వుండాలన్నాడు. మీకు విద్య వుంది, సంపద వుంది, పిల్లలున్నారు, మీ సంతతి మీలాగే వుండాలి అని రబ్బీ యిస్హాక్ ముగించాడు.

మా కాలువ చివరి భూముల రైతు ఆ చెట్టు దగ్గరికి వెళితే మొదట, ఈ నీళ్ళు ఏ నెల దాకా వస్తాయని అడుగుతాడు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు క్యాంపుల్లో ఎవరికీ నిద్ర లేదు. ‘నీళ్ళు వున్నవే’ అనగలవాడు అదృష్టవంతుడు. అయినా ఆ దీవెనలో నాకు కష్టంగా తోచేది నీళ్ళ సంగతి కాదు, మొక్కల సంగతి. చెట్టుకు దూరంగా, వేరే మట్టిలో నాటిన మొక్క చెట్టులాగే వుంటుందా?

ఎఫ్రాయిము ఎవరో చూడండి. కరువుకు ముందే ఐగుప్తు చేరిన యోసేపు కొడుకు. తాతది కనాను; మనవడు పుట్టింది పరదేశంలో. ముసలి యాకోబు మంచం మీదనుంచి మనవలిద్దరినీ చూసి “వీళ్ళెవరు?” అంటాడు. కళ్ళు మసకబారాయని గ్రంథమే చెబుతుంది. తన్హూమా అనే వ్యాఖ్యానం అంతటితో వదలదు. పదిహేడేళ్ళు ఎదుట కూర్చుని చదువుకున్న పిల్లల్ని తాత గుర్తుపట్టడా అని నిలదీసి, వాళ్ళ సంతతిలో పుట్టబోయే చెడ్డ రాజులు కనబడి జంకాడని సమాధానం చెబుతుంది. నాకు అంత దూరం పోనక్కర్లేదనిపిస్తుంది. బెంగుళూరు నుంచి మనవరాలు వచ్చి, నేను తెలుగులో అడిగినదానికి కన్నడంలో, కన్నడంలో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పినప్పుడు ఆ ప్రశ్న నా నోటిదాకా వస్తుంది. కళ్ళజోడు పెట్టుకునే వుంటాను.

యాకోబు జంకినా దీవించాడు. తండ్రి వారిస్తున్నా చేతులు అడ్డంగా మార్చి, కుడిచెయ్యి చిన్నవాడైన ఎఫ్రాయిము తలమీద పెట్టాడు. నేటికీ యూదుల ఇళ్ళలో శుక్రవారం రాత్రి కొడుకుల తలమీద చెయ్యి పెట్టి, ఎఫ్రాయిములాగా, మనష్షేలాగా వుండమంటారు. అబ్రాహామును కాదు, మోషేను కాదు, పరదేశంలో పుట్టిన ఆ ఇద్దరు పిల్లల్ని ఎంచుకున్నారు. కొత్తరెడ్డిపాలెం వాళ్ళు ఎంచుకున్న పేరూ అదే.

ఆ దీవెనలో యాకోబు ఆ పిల్లలు చేపల్లా వృద్ధి పొందాలంటాడు. చేపలెందుకు? నీళ్ళు కప్పివుంచుతాయి గనుక వాటికి దిష్టి తగలదు, అలాగే యోసేపు సంతతికీ తగలదు అని రబ్బీలు వ్యాఖ్యానించారు. మొన్న దసరా సెలవులు అయిపోయి పిల్ల బయల్దేరుతుంటే ఈ సంగతి మా ఆవిడతో అన్నాను. ఆవిడ అప్పటికే గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని పిల్ల చుట్టూ తిప్పుతోంది. పిల్ల “బై నానమ్మా” అనబోయి, ఆవిడ చూపు చూసి “బర్తీని” అంది. ఆవిడ దాన్ని సరిదిద్దలేదు.

“చేపలకు దిష్టి తగలకపోతే పోనీయండి, వల తగులుతుంది” అని నాతో అని, ఉప్పూ మిరపకాయలూ తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.